అపార్ట్‌మెంట్ వైఫై గొడవకు మూలం 2009లో ఉంది

అపార్ట్‌మెంట్లలో వైఫై పంచాయితీ మళ్ళీ మొదలైంది. అందరం లెక్క ప్రకారం ఛానెళ్ళు (రౌటర్లు సిగ్నల్ పంపే రేడియో దారులు) పంచుకుందామని కొందరు, నా రౌటర్ నా ఇష్టం, ఆటోలో పెట్టాను, అదే చూసుకుంటుందని ఇంకొందరు.

వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, సిగ్నల్ వెడల్పేమో 20 పైచిలుకు. అందుకే 1, 6, 11 నంబర్ల ఛానెళ్ళు మాత్రమే ఒకదాన్నొకటి తగలవు. నాలుగో ఇల్లు వీటిలోనే ఒకదాంట్లో సర్దుకోవాలి, దానివల్ల పెద్ద నష్టమేం లేదు, ఎందుకంటే ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, ఆగి, వంతులవారీగా పంపుకుంటాయి. ఖాళీగా ఉంది కదా అని 3లో దూరినవాళ్ళతోనే చిక్కు. 1లో ఉన్నవాళ్ళకీ 6లో ఉన్నవాళ్ళకీ ఆ సిగ్నల్ అర్థం కాదు, ఉత్త రొద. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పాడవుతాయి, మళ్ళీ పంపాలి.

ఈ కాస్త సర్దుబాటునీ చెడగొట్టింది 2009లో ఖరారైన 802.11ఎన్ అనే వైఫై స్టాండర్డ్. రెండు ఛానెళ్ళు కలిపి 40 మెగాహెర్ట్జ్ వాడుకోవచ్చంది. ఉన్న బ్యాండే 83.5, అంటే ఒక్క ఇంటికే దాదాపు సగం! పక్కన వేరే నెట్‌వర్క్ ఉంటే 20కి తగ్గాలని స్టాండర్డ్‌లోనే ఉంది, కానీ ఆ తనిఖీని ఆపేసే సెట్టింగ్ కూడా కొన్ని రౌటర్లలో ఉంటుంది. పెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని రాసేది ఆ 40ని నమ్ముకునే, 20లో పెడితే అదే రౌటర్ 144 దగ్గర ఆగిపోతుంది. మరి ఎవరు తగ్గిస్తారు?

ఆటో పెట్టినవాళ్ళ వాదన, రౌటర్ తనే ఖాళీ ఛానెల్ వెతుక్కుంటుందని. వెతుక్కుంటుంది, చాలావాటిలో ఆన్ చేసినప్పుడు ఒకసారి, అదీ తను కూర్చున్న చోటికి వినిపించినంత మేరకే. పడగ్గదిలో ఫోన్‌కి ఏ రొద వినిపిస్తోందో దానికేం తెలుసు?

5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారితే పోయేదానికి ఇంత గొడవెందుకు అంటారు. అక్కడా 2013లో 802.11ఏసీ అనే తర్వాతి స్టాండర్డ్ వచ్చి వెడల్పుని 80కి పెంచింది. రాడార్లతో పంచుకునే ఛానెళ్ళలో రౌటర్ ముందు కనీసం ఒక నిమిషం చెవొగ్గి వినాలి, రాడార్ కనిపిస్తే ఖాళీ చేయాలి, ఆ తలనొప్పి వద్దనుకుంటే చాలా చోట్ల 80 వెడల్పువి ఒకటో రెండో మిగులుతాయి.

ఇప్పుడు ఆశంతా 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద. 2020లో అమెరికా ఏకంగా 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది, పైగా ఆ సిగ్నల్ గోడలు దాటడం ఇంకా కష్టం, పక్కింటికి అదే మేలు. కాకపోతే కొత్త స్టాండర్డ్ వైఫై 7 అక్కడ 320 వెడల్పు దాకా వెళ్ళనిస్తుంది. ఒకదాన్నొకటి తగలకుండా అలాంటివి ఆ 1200లో పట్టేది మళ్ళీ మూడే.