మిథనాల్ ఊరికే ఉండదు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగంలో మొదటి కొన్నేళ్లు ఒక బయోడీజిల్ యూనిట్‌లో గడిచాయి. అక్కడికి మిథనాల్ అనే ఆల్కహాల్ డ్రమ్ములకు డ్రమ్ములు వచ్చేది. ఇప్పుడు మందుల పరిశ్రమలో, నాణ్యత పరీక్షలు చేసే ప్రయోగశాలలో ఉన్నాను. ఇక్కడికి అదే ద్రవం గాజు సీసాల్లో, ఎన్నో రెట్ల ధరతో వస్తుంది. సీసా మారింది గానీ, దాని గురించి వినే మాటలు మారలేదు. ఆ మాటల్లో చాలావాటి వెనుక ఒకే పొరపాటు ఉంది. మిథనాల్ అంటే ఏ గొడవలోనూ తలదూర్చకుండా, వేసినదాన్ని కరిగించి ఓ మూలన కూర్చునే ద్రావణి అనుకుంటారు.

అపోహ: బయోడీజిల్ తయారీలో మిథనాల్ పని నూనెను పలచన చేయడం.

పలచన చేయడమే పని అయితే కిరసనాయిలు చాలు. నూనె అణువంటే ఒక గ్లిజరిన్ కొమ్మకు వేలాడే మూడు కొవ్వు ఆమ్లాల తోకలు. కాస్టిక్ సోడా లాంటి ఉత్ప్రేరకం సాయంతో, దాదాపు 60 డిగ్రీల వేడి దగ్గర మిథనాల్ ఆ మూడింటినీ ఊడదీసి, ఒక్కోదానికీ తానే అతుక్కుంటుంది. అలా పుట్టిన మిథైల్ ఎస్టర్లే బయోడీజిల్. ఒంటరిగా మిగిలిన గ్లిజరిన్ బరువెక్కువ కాబట్టి అడుగున చేరుతుంది. లెక్క ప్రకారం 100 కిలోల నూనెకు దాదాపు 11 కిలోల మిథనాల్ సరిపోవాలి. కానీ ఇది వెనక్కి కూడా నడవగల చర్య. దాన్ని ముందుకు నెట్టడానికి మేము రెట్టింపు, అంటే 22 కిలోల దాకా వేసేవాళ్లం. మిగిలినదాన్ని స్వేదనం చేసి రాబట్టుకునేవాళ్లం.

అలాగని ఇంకా పోస్తూ పోతే ఇంకా మంచి సరుకు వస్తుందనుకోవడం మరో భ్రమ. మిథనాల్ మరీ ఎక్కువైతే గ్లిజరిన్ విడిపోవడానికి మొరాయిస్తుంది. సరుకులో మిథనాల్ మిగిలిపోతే అసలుకే ముప్పు. బయోడీజిల్‌లో మిథనాల్ 0.2 శాతం మించకూడదని ప్రమాణాలు చెబుతున్నాయి. కాస్త మిగిలినా ఇంధనం ఆవిరి తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది.

నేను చేసిన తప్పు వేరే. ఒక వానాకాలం హోటళ్ల నుంచి వాడిన నూనె వచ్చింది. తొందరలో ఆమ్ల శాతం చూడకుండా, తేమ ఆరబెట్టకుండా రియాక్టర్‌లోకి పంపించాను. గంట తర్వాత కలియబెట్టే మోటారు మూలగడం మొదలుపెట్టింది. మూత తీస్తే లోపల సబ్బు ముద్ద. మాడిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. కాస్టిక్ సోడా వాటితోనే సబ్బు కట్టేసింది, మిథనాల్‌కు పని మిగల్లేదు. అలాంటి నూనెలోని ఆ ఆమ్లాలను ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లం సాయంతో ఒక విడత ఎస్టర్లుగా మార్చాలి. ఆ పాఠం నాకు పార పట్టుకుని రియాక్టర్ గీకుతున్నప్పుడు అర్థమైంది.

చర్య పూర్తయిందో లేదో చూడటానికి కూడా మిథనాలే పనికొస్తుంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేసి ఊపితే, మారిన ఎస్టర్ కరిగిపోతుంది, మారని నూనె బొట్టుగా కిందికి దిగుతుంది. ఐదు నిమిషాల పని, యంత్రం అక్కర్లేదు.

అపోహ: బయోడీజిల్ నూటికి నూరు శాతం మొక్కల ఇంధనం.

నూనె మొక్కదే. మిథనాల్ మాత్రం సాధారణంగా సహజవాయువు నుంచి వస్తుంది, చైనాలో ఎక్కువగా బొగ్గు నుంచి. నూనెల్లో ఉండే ఓలియిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టర్‌లో 19 కార్బన్‌లుంటే, అందులో ఒకటి ఆ బాపతుదే. కర్రను బట్టీ పెట్టి తీసే రోజుల్లో దీన్ని ‘ఉడ్ స్పిరిట్’ అనేవారు. ఆ పేరు నిలిచిపోయింది గానీ ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. మన దేశం వాడే మిథనాల్‌లో అత్యధిక భాగం దిగుమతే. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గు నుంచే దాన్ని తీయవచ్చని చూపడానికి హైదరాబాద్‌లోని బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రంలో రోజుకు 0.25 టన్నుల చిన్న ప్లాంటు పెట్టారు.

అపోహ: పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు కదా, మిథనాల్ కూడా ట్యాంకులో పోసుకోవచ్చు.

దయచేసి వద్దు. 15 శాతం మిథనాల్ ఉన్న ఎం15 పెట్రోలును ఇండియన్ ఆయిల్ 2022లో అస్సాంలోని తిన్‌సుకియాలో ప్రయోగాత్మకంగా విడుదల చేసిన మాట నిజమే. అది లెక్కలు కట్టి, పరీక్షలు చేసి తయారుచేసిన మిశ్రమం. లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మిథనాల్‌లో ఉండేది దాదాపు సగమే. కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు 6.5 కిలోలు చాలు. అంటే ఇంధనం అందించే ఏర్పాటంతా మారాలి. పైగా అది అల్యూమినియంను తింటుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. కాస్త నీరు చేరితే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున కూర్చుంటుంది.

అపోహ: మంట కనిపించలేదంటే అంటుకోలేదనే.

పగటి వెలుతురులో మిథనాల్ మంట దాదాపు కనిపించదు. 1981లో అమెరికాలో జరిగిన ఇండియానాపొలిస్ 500 కార్ల రేసులో డ్రైవర్ రిక్ మియర్స్ కారుకు ఇంధనం నింపుతుండగా మిథనాల్ అంటుకుంది. ఆయనా సిబ్బందీ కాలుతూ గంతులేస్తుంటే, చూసేవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. మా యూనిట్‌లో ఒక పెద్దాయన డ్రమ్ముల వైపు వెళ్లేటప్పుడు చేయి చాచి, వేడి తగులుతోందేమో చూసి నడిచేవారు. నవ్వుకునేవాళ్లం. నీళ్లు చల్లితే ఆరిపోతుందనే ధీమా కూడా పనికిరాదు. మూడు వంతులు నీళ్లు, ఒక వంతు మిథనాల్ ఉన్నా ఆ మిశ్రమం అంటుకోగలదు. మంటలార్పే మామూలు నురుగు అందులో కరిగిపోతుంది కాబట్టి ఆల్కహాల్‌ను తట్టుకునే నురుగే కావాలి.

అపోహ: తాగితేనే విషం.

ఆవిరి పీల్చినా, చర్మం మీద ఎక్కువసేపు నిలిచినా లోపలికి వెళుతుంది. పల్చటి నైట్రైల్ చేతి తొడుగులు నిమిషాల్లోనే దాన్ని దాటనిస్తాయి. ఒలికితే వెంటనే తొడుగు మార్చాలి, ఎక్కువ సేపు పనైతే బ్యూటైల్ రబ్బరువి వాడాలి. కాలేయం దీన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, కళ్లను తీసేది అదే. ఆ మార్పుకు గంటలు పడుతుంది. కాబట్టి తాగిన మనిషి మొదట బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తడం ఒక్కటే దారి.

అపోహ: హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం)లో అసెటోనైట్రైల్ అనే ద్రావణి దొరక్కపోతే అంతే కొలత మిథనాల్ పోస్తే సరి.

2008-09లో అసెటోనైట్రైల్‌కు ప్రపంచమంతటా కరవొచ్చింది. అది ప్లాస్టిక్‌లకు ముడిసరుకైన అక్రిలోనైట్రైల్ తయారీలో పక్కన వచ్చే సరుకు. మాంద్యంలో అసలు సరుకుకే గిరాకీ పడిపోతే ఇదీ తగ్గింది. అప్పుడు చాలా ప్రయోగశాలలు మిథనాల్ వైపు మళ్లి, ఇద్దరి స్వభావాలూ వేరని తెలుసుకున్నాయి. 50 శాతం అసెటోనైట్రైల్ చేసే పనికి దాదాపు 60 శాతం మిథనాల్ కావాలి. పీకుల (గ్రాఫులో ఒక్కో పదార్థానికీ లేచే శిఖరాల) వరుస కూడా తారుమారు కావచ్చు. నీటితో కలిస్తే మిథనాల్ చిక్కబడి కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) మీద ఒత్తిడి పెరుగుతుంది. పదార్థాలను గుర్తించడానికి యంత్రం వాడే అతినీలలోహిత వెలుగును 205 నానోమీటర్ల కింద తానే మింగేస్తుంది. ఇంకొకటి: 50 మిల్లీలీటర్ల నీళ్లకు 50 మిల్లీలీటర్ల మిథనాల్ కలిపితే 100 రాదు, దాదాపు 96.5 వస్తుంది. ఒకే కొలజాడీలో 100 గీత దాకా నింపేవాళ్లు తెలియకుండానే నిష్పత్తి మారుస్తున్నారు. రెండూ విడివిడిగా కొలిచి కలపాలి.

అపోహ: నమూనాను కరిగించడానికి ఏ ద్రావణి అయినా ఒకటే.

ఒక కార్బాక్సిలిక్ ఆమ్లపు మందులో ఉన్నట్టుండి కొత్త పీక్ కనిపించింది. మాస్ స్పెక్ట్రమ్ (అణువు బరువు చూపే పరీక్ష)లో అసలు మందు కన్నా 14 ఎక్కువ. తయారీ విభాగం మీద అనుమానం, ముడిసరుకు మీద అనుమానం, చివరికి కడిగిన గాజు సామాను మీద కూడా. వారం గడిచింది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, “సార్, ఈ వయల్స్ రాత్రంతా యంత్రంలోనే ఉన్నాయి కదా?” అని అడిగింది. ఉన్నాయి. ఆ చిన్న సీసాల్లో నమూనాను కరిగించిన ద్రవం (డైల్యూయెంట్) మిథనాల్, అందులో కొద్దిగా ఆమ్లం. హైడ్రోజన్ స్థానంలో ఒక మిథైల్ చేరితే పెరిగేది సరిగ్గా 14. రియాక్టర్‌లో నేను ఏళ్ల తరబడి చేయించిన పనినే మిథనాల్ వయల్‌లో తనంతట తాను చేసుకుంది. అసెటోనైట్రైల్‌లో తాజాగా కరిగించి ఎక్కించాం. పీక్ లేదు. మేము రాసిన విచారణ నివేదిక మాత్రం అప్పటికి నలభై పేజీలు దాటింది.