అంగన్‌వాడీ బడి: అపోహలు – వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక పేటలో నేను పంతొమ్మిదేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మా రిజిస్టరులో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల పేర్లు ఉన్నంతమంది కేంద్రంలో ఎప్పుడూ కనిపించరు. కొందరు రోజూ వస్తారు. కొందరు ఫీజు కట్టిన కాన్వెంటుకు వెళ్తూ, మధ్యాహ్నం గుడ్డు కోసం మాత్రం అమ్మ చేయి పట్టుకుని వచ్చి వెళ్తారు. ఇంకొందరు గోడౌన్ల ముందు, తల్లి తొడిమలు తీస్తున్న మిరపకాయల కుప్ప పక్కనే, ఆ ఘాటులోనే పగలంతా గడుపుతారు. పైసా ఫీజు లేని బడి ఇంటి పక్కనే ఉన్నా ఇలా ఎందుకు జరుగుతోందని ఆలోచించే తల్లిదండ్రుల కోసం, పేటల్లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తల కోసం, నేను తరచుగా వినే కొన్ని మాటలనూ వాటి వెనుక ఉన్న వాస్తవాలనూ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు ఇచ్చే చోటు, అక్కడ చదువు ఉండదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది, నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే మాట కూడా ఇదే. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైననాడే దానిలోని ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్యాలపై అవగాహన కల్పించడం మిగిలిన ఐదు. తినడానికి వచ్చిన పిల్లలకు కాలక్షేపంగా చదువును తరువాత ఎవరో జోడించలేదు.

అయినా తల్లిదండ్రులకు చదువు కనిపించకపోవడానికి కారణం ఉంది. మా దగ్గర మూడేళ్ల బిడ్డ చేతికి పలక ఇచ్చి "అ" దిద్దించం. ఆ వయసులో వేళ్లు, మణికట్టు ఇంకా గట్టిపడవు. బలపాన్ని పిడికిలితో బిగించి పట్టుకున్న బిడ్డ అక్షరాన్ని నేర్చుకోవడం కంటే ముందు చదువంటే భయపడడం నేర్చుకుంటుంది. అందుకే పాత కాగితాలు చింపిస్తాం, మట్టిముద్దలు చేయిస్తాం, పూసలు గుచ్చిస్తాం, కలిపి పోసిన కందులను, చింతపిక్కలను వేరు చేయిస్తాం. చింతపిక్కలు ఏరే చూపుడువేలూ బొటనవేలే రేపు పెన్సిలు పట్టుకోవాలి. పిల్లలను వరుసగా కాళ్లు చాపించి కూర్చోబెట్టి "కాళ్లాగజ్జె కంకాళమ్మా" అంటూ ఒక్కొక్క కాలినీ తాకుతూ పోయినప్పుడు, ఒక్కో మాటకు ఒక్కో కాలు అని లెక్క కుదురుతుంది. నోటితో ఒకటి నుంచి ఇరవై వరకు అప్పజెప్పగల పిల్లలు కూడా ఎదురుగా ఐదు గింజలు పెట్టి లెక్కించమంటే తడబడేది ఆ లెక్క కుదరకపోవడం వల్లే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం విడుదల చేసిన "ఆధారశిల" పాఠ్యప్రణాళిక ఇదే పద్ధతిని 48 వారాలకు పరిచింది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల పాటు సాగే ప్రీస్కూలును, ఒకటి, రెండు తరగతులను కలిపి ఒకే పునాది దశగా పరిగణించింది.

రెండేళ్ల క్రితం ఒక తల్లి తన నాలుగేళ్ల కొడుకును మా దగ్గర మాన్పించి కాన్వెంటులో చేర్చింది. "టీచర్‌గారూ, అక్కడ రోజూ హోంవర్కు ఇస్తారు, ఇక్కడ ఆటలే కదా" అంది. ఆమెను నేను తప్పుపట్టలేదు. ఆ హోంవర్కు పుస్తకం ఆమె కళ్లకు కనిపించే రుజువు. మా పిల్లవాడు గుంపులో తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చుకున్నాడన్నది ఏ పుస్తకంలోనూ కనిపించదు. అప్పటి నుంచి నెలకొకసారి తల్లులను పిలిచి, బిడ్డ పక్కన కూర్చోబెట్టి, ఆ నెలలో ఆ బిడ్డకు కొత్తగా ఏమి వచ్చిందో చేయించి చూపిస్తున్నాను. నోటితో చెప్పడం కంటే అది బాగా పనిచేసింది.

అపోహ: తెల్లకార్డు ఉన్నవాళ్లకే, బిడ్డకు ఆధార్ ఉంటేనే, ఈ ఊరి వాళ్లకే చేరిక.

మూడూ నిజం కాదు. చేర్చుకోవడానికి కుటుంబ ఆదాయంతో పనిలేదు. బిడ్డకు ఆధార్ రాకపోతే తల్లి ఆధార్‌తో పిల్లల వివరాలు మేము రాసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు నమోదు చేయవచ్చు, ఊరు మారిన కుటుంబం వివరాలను కొత్త చోటికి మార్చుకునే వీలు కూడా అందులోనే ఉంది. మిరప సీజనులో ఇతర ప్రాంతాల నుంచి మా పేటకు వచ్చే కుటుంబాలకు ఈ విషయం తెలియదు. మూడు నెలల్లో వెళ్లిపోతాం కదా, మమ్మల్ని ఎందుకు చేర్చుకుంటారని వాళ్లే ముందుగా అనుకుని గుమ్మం దాకా కూడా రారు.

అపోహ: ప్రీస్కూలు చదువు విద్యాహక్కు చట్టం ఇచ్చిన హక్కు.

ఇది మంచి మనసుతో అనే మాటే అయినా సరైనది కాదు, పైగా మనం ఏది అడగాలో తెలియాలంటే ఈ తేడా తెలియాలి. 2009 నాటి ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. మూడేళ్లు నిండిన పిల్లలకు ఉచిత ప్రీస్కూలు విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే 11వ సెక్షన్ అంటుంది. చేసి తీరాలని అనదు. మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో వచ్చిన తీర్పు పద్నాలుగేళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా గుర్తించినప్పుడు ఆరేళ్ల లోపు వారిని పక్కన పెట్టలేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ మాత్రం ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణను, విద్యను 45వ అధికరణంలో, అంటే ప్రభుత్వానికి దారి చూపేవే తప్ప కోర్టులో హక్కుగా అడగలేని ఆదేశిక సూత్రాల్లో ఉంచింది. బిడ్డకు అంగన్‌వాడీలో ఉచితంగా అందే భోజనం 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం హక్కు. అదే గదిలో అందే చదువు ఇంకా ఆ స్థాయికి చేరలేదు. చదువు కూడా హక్కు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

"మా వీధిలో కేంద్రమే లేదు, ఏం చేయగలం" అనేవారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, అంగన్‌వాడీ లేని నివాస ప్రాంతంలో ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉంటే, అక్కడి ప్రజలు అడిగిన మూడు నెలల్లోగా కేంద్రం ఏర్పాటు కావాలి. అది పల్లెలకూ, పట్టణ మురికివాడలకూ వర్తిస్తుంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలతో జాబితా రాసి, తల్లిదండ్రుల సంతకాలతో శిశు అభివృద్ధి పథకం అధికారి (సీడీపీఓ) కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు రాయించుకోవాలి.

అపోహ: ఫీజు లేదు కాబట్టి ఖర్చు లేదు.

ఈ మాటను అధికారులు కూడా అంటారు, దీని దగ్గర నేను కొంచెంసేపు ఆగాలి. తొడిమలు తీసే పనికి కూలి కాయల బరువును బట్టి వస్తుంది. ఉదయం చీకటితో వెళ్లి చోటు పట్టుకున్న మనిషికీ తొమ్మిది దాటాక చేరిన మనిషికీ సాయంత్రానికి చేతికొచ్చే డబ్బులో తేడా ఉంటుంది. మా కేంద్రం తొమ్మిదికి తెరుస్తాం, నాలుగింటికి మూస్తాం. అంతకు ముందు, ఆ తరువాత బిడ్డను చూసే ముసలమ్మ ఇంట్లో లేకపోతే, మా ఉచిత బడికి ఆ తల్లి తన కూలిలో కొంత వదులుకోవాలి, లేదా పెద్దమ్మాయిని బడి మాన్పించాలి. వేసవిలో మా వేళలు ఇంకా తగ్గుతాయి; సరిగ్గా అప్పుడే యార్డులో పని ఎక్కువ. మొదట్లో చెప్పిన, గోడౌన్ల ముందు పగలంతా గడిపే పిల్లలు మా దగ్గరకు రాకపోవడానికి వాళ్ల తల్లులకు చదువు విలువ తెలియకపోవడం కారణం కాదని, మా వేళలు వాళ్ల పనివేళలకు కుదరకపోవడమేనని నేను ఇన్నేళ్లలో గ్రహించాను. ఈ లోటు తీర్చడానికే మహిళల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే మిషన్ శక్తిలో భాగంగా "పాల్నా" పేరుతో అంగన్‌వాడీలకు శిశు సంరక్షణ కేంద్రాలను జోడించే పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను పగలంతా చూసుకునే అటువంటి కేంద్రం అవసరం ఎక్కడ ఉందని ఎవరైనా నన్ను అడిగితే, మొదట యార్డు చుట్టుపక్కల పేటలనే చూపిస్తాను.

అద్దె గదుల సంగతీ ఇందులో భాగమే. పట్టణంలో చాలా కేంద్రాలకు సొంత భవనం లేదు. యజమాని ఖాళీ చేయమన్నప్పుడల్లా కేంద్రం రెండు వీధుల అవతలికి పోతే, మధ్యలో ఉన్న పెద్ద రోడ్డును నాలుగేళ్ల పిల్లలు దాటలేరు. మేము ఒకసారి అలా మారినప్పుడు రోజూ వచ్చే పిల్లల్లో ఆరుగురు మానేశారు. వాళ్లలో ఇద్దరిని మాత్రమే మా ఆయా రోజూ వెళ్లి చేయి పట్టుకుని తీసుకురాగలిగింది.

అపోహ: ఇంగ్లీషు మూడో ఏటనే మొదలుపెట్టకపోతే బిడ్డ వెనకబడుతుంది.

ఇంటి భాషలో కథ విని, ప్రశ్న అడిగి, తన మాటల్లో తిరిగి చెప్పగలిగిన బిడ్డకు రెండో భాష త్వరగా పట్టుబడుతుంది. మా పేటలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ పిల్లల కోసం నేను వస్తువుల పేర్లు ఉర్దూలో నేర్చుకున్నాను.

చేర్చదలచిన వారు టీకాల కార్డు, ఉంటే పుట్టినతేదీ ధ్రువపత్రం, తల్లి ఆధార్ తీసుకుని దగ్గరలోని కేంద్రానికి నేరుగా రావచ్చు. వీటిలో ఏదైనా లేకపోయినా ముందు బిడ్డను తీసుకురండి, కాగితం తరువాత తెచ్చుకోవచ్చు. జూన్ దాకా ఆగనక్కరలేదు, సీజను మధ్యలో వచ్చినా ఆ రోజు నుంచే కూర్చోబెడతాం. మొదటి వారం బిడ్డ ఏడుస్తుంది; తల్లి రోజూ కాసేపు గదిలోనే కూర్చుని, తరువాత గుమ్మం దగ్గర, ఆ తరువాత బయట కూర్చోగలిగితే రెండో వారానికి అలవాటు పడుతుంది. కూర్చునే తీరిక లేని తల్లులు ఆ మాట మొదటిరోజే చెబితే, ఆ వారం మా ఆయా ఆ బిడ్డను తన ఒడిలోనే ఉంచుకుంటుంది.