సింగర్ పిస్తోలుకు అంత ధర ఎందుకు?

విజయవాడ

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి, వాళ్లతో పాటు ఇది చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

చిన్నోడూ, మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగం జవాబే చెప్పాను. వస్తువు పాతబడితే ధర తగ్గాలి కదా, ఎప్పటిదో పిస్తోలు వేలంలో లక్షల డాలర్లు ఎలా పలికింది అని కదూ నీ సందేహం? పాతది కాబట్టి పలికింది అనుకోకు. పాత పిస్తోళ్లు లోకంలో లక్షల్లో ఉన్నాయి, చాలావాటికి చెప్పుకోదగ్గ ధరేమీ రాదు. అమెరికా న్యూజెర్సీలో మీరుండే ఎడిసన్‌కు దగ్గరలోనే తయారైన ఒక పిస్తోలు సంగతి చెబితే మిగతాది మీకే తెలుస్తుంది.

నెవార్క్ విమానాశ్రయం పక్కన ఎలిజబెత్ అనే ఊరుంది కదా. అక్కడ 1873లో సింగర్ కుట్టు మిషన్ల కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు పువ్వులు, మన దర్జీ కొట్లలో ఇప్పటికీ కనిపిస్తుందే, ఆ సింగరే. 1940లో యూరప్‌లో యుద్ధం ముదురుతుంటే అమెరికా సైన్యానికి బెంగ పట్టుకుంది. రేపు మనమూ దిగాల్సి వస్తే ఆయుధాలు ఎవరు చేసిపెడతారు? అందుకని ఇనుముతో సన్నపని తెలిసిన మామూలు కంపెనీలకు చిన్న చిన్న ఆర్డర్లిచ్చి ముందుగానే పని నేర్పడం మొదలుపెట్టింది. అలా సింగర్‌కు 500 పిస్తోళ్ల ఆర్డరు వచ్చింది. జాన్ బ్రౌనింగ్ అనే ఆయన రూపొందించిన .45 పిస్తోలు అది, అంటే గుండు అడ్డుకొలత దాదాపు 0.45 అంగుళం, పేరు ఎం1911ఏ1.

1941 చివరికల్లా సింగర్ వాళ్లు 500 చేసి అప్పగించారు. ఇక పిస్తోళ్లు చాలు, విమానాల మీదికి పేల్చే ఫిరంగులకు గురి లెక్కగట్టే యంత్రాలు చేయండి అంది సైన్యం. అంత సన్నపని చేతనైనవాళ్లను పిస్తోళ్లకు వాడటం దండగ అనుకున్నారేమో. పిస్తోళ్ల పని వేరే కంపెనీలకు పోయింది. వాటిలో అందరికంటే ఎక్కువ చేసింది రెమింగ్టన్ రాండ్. నేను లోయర్, హయ్యర్ పరీక్షలు రాసింది ఆ పేరున్న టైపు మిషన్ మీదే! యుద్ధం ముగిసేలోగా ఆ కంపెనీ ఎనిమిది లక్షలకు పైగా పిస్తోళ్లు చేసింది.

రెండూ ఒకే నమూనాలోవి. గుండు ఒకటే, కొలతలు ఒకటే. దీని భాగం తీసి దానికి బిగించవచ్చు, యుద్ధంలో రెండూ ఒకే పని చేశాయి. ఇవాళ రెమింగ్టన్ రాండ్ పిస్తోలు బాగున్నది రెండు మూడు వేల డాలర్లకు దొరుకుతుంది. సింగర్ చేసినది 2017లో ఒక వేలంలో 4,14,000 డాలర్లు పలికింది. పిస్తోలుగా అది వంద రెట్లు మెరుగైనదేమీ కాదు. చేసినవి 500, కావాలనుకునేవాళ్లు వేలమంది, అంతే.

అయితే ఆ 500లోనూ అన్నింటికీ ఆ ధర రాదు. అవి ఎక్కువగా వైమానిక దళానికి వెళ్లాయి. కొన్ని విమానాలతో పాటే పోయి ఉంటాయి. మిగిలినవాటిలో చాలావాటిని యుద్ధం తర్వాత సైన్యం మరమ్మతు షెడ్లకు పంపింది. అక్కడివాళ్లకు ఇది సింగర్‌దా, ఇంకొకరిదా అన్న పట్టింపు లేదు. పాత గొట్టం తీసేసి చేతికందిన ఇంకో గొట్టం బిగించారు, అరిగిన పూత గీకేసి బూడిద రంగు పూత వేశారు. సైనికుడికి అది మంచి పనే. సేకరించేవాడికి మాత్రం గుండె జారిపోతుంది. అసలు పూత సగం అరిగిపోయినా సరే, కొత్త పూత వేసినదానికంటే దానికే ఎక్కువ ఇస్తారు. మన ఇంట్లో తాతలనాటి రాగి చెంబును చింతపండు వేసి తళతళలాడేలా తోమితే అందరూ మెచ్చుకుంటారు. ఈ పిస్తోళ్లను అలా తోమావంటే ధరలో సగం నీళ్లపాలే.

ధర ఇంత పెరిగేసరికి దొంగ సరుకు కూడా వచ్చింది. మామూలు పిస్తోలు మీద సింగర్ పేరు చెక్కి అమ్మజూసేవాళ్లుంటారు. అందుకే కొనేవాళ్లు భూతద్దం పట్టుకుని కూర్చుంటారు. నంబరు ఎస్800001కీ ఎస్800500కీ మధ్యలో ఉందా? సైన్యం తరఫున తనిఖీ చేసిన అధికారి పొడి అక్షరాలు జే.కే.సీ. ఉన్నాయా? అక్షరాల అంచులు అప్పటి అచ్చులాగే ఉన్నాయా? బుజ్జీ, నీకు ఇలాంటి పరిశోధన ఇష్టం కదా, ఇందులో మంచి ఉద్యోగాలే ఉన్నాయి.

ఈ ధరలు ఎప్పుడూ పైకే పోతాయనుకోకండి. ఆ .45 పిస్తోలును సైన్యం ఎంచుకోకముందు 1907లో పోటీ పరీక్షలు పెట్టారు. జర్మనీ నుంచి గెయార్గ్ లూగర్ తన పిస్తోలును .45 గుండుకు సరిపోయేలా ప్రత్యేకంగా చేసి తెచ్చాడు. పరీక్షలు సాగుతుండగానే జర్మన్ కంపెనీ తప్పుకుంది, చివరికి బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ కంపెనీ పిస్తోలు గెలిచింది. ఓడినవాడి సరుకు ఎవరు దాస్తారు? దాదాపుగా ఏమీ మిగల్లేదు. మిగిలిన ఒక లూగర్‌ను 1989లో ఇండోనేషియా వ్యాపారి ఒకాయన పది లక్షల డాలర్లు పెట్టి కొన్నాడు. దానికి మిలియన్ డాలర్ల లూగర్ అన్న పేరే పడిపోయింది. అదే పిస్తోలు 2010లో వేలానికి వచ్చినప్పుడు 4,94,500 డాలర్లే పలికింది. పైగా 1989 నాటి పది లక్షలంటే 2010 లెక్కలో పదిహేడు లక్షలకు పైమాటే. పిస్తోలు తుప్పు పట్టలేదు, విరగలేదు, అలాంటివి హఠాత్తుగా వంద బయటపడనూ లేదు. మొదటిసారి దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలన్న మనిషి ఒకడున్నాడు. రెండోసారి అంత పట్టుదల ఉన్నవాడు హాల్లో లేడు. నా మటుకు నేను ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇదేనంటాను. చాలామంది సింగర్ కథ చెబుతారు, ఈ లూగర్ కథ చెప్పరు.

ఇక ఎవరి చేతిలో ఉండేదన్నదాన్ని బట్టి వచ్చే ధర వేరు. 1881 జూలై 14 రాత్రి న్యూమెక్సికోలో పాట్ గారెట్ అనే షెరిఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, బిల్లీ ది కిడ్ అని పేరుమోసిన దొంగను కాల్చి చంపాడు. ఆ కోల్ట్ రివాల్వర్ గారెట్ డబ్బు పెట్టి కొన్నది కూడా కాదు, అంతకుముందు ఇంకో దొంగ దగ్గర పట్టుకున్నది. 2021 ఆగస్టులో అది లాస్ ఏంజెలెస్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. వేలం వేసినవాళ్లు అనుకున్నది ఇరవై, ముప్పై లక్షలే. అది ఆ రివాల్వరేనని ఎలా తెలుసంటారా? గారెట్ చనిపోయాక ఆయన భార్య దాని కోసం కోర్టుకెక్కి గెలిచి తెచ్చుకుంది. ఆవిడ పట్టుదల వల్ల కాగితాలు మిగిలాయి. ఆ కాగితాలే లేకపోతే అది కూడా ఒక అరిగిన పాత కోల్ట్ అయ్యేది.

సరదాలు కూడా తరాన్ని బట్టి మారతాయి. గారెట్ వాడిన ఆ రకం రివాల్వర్ తయారీని కోల్ట్ కంపెనీ 1940 ప్రాంతంలో ఆపేసింది, ఇక ఎవరూ అడగరనుకుంది. 1950ల్లో అమెరికా టీవీల నిండా గుర్రాల మీది కౌబాయ్‌లే. అది చూసినవాళ్లంతా కొనడానికి బయల్దేరేసరికి 1956లో మళ్లీ తయారీ మొదలుపెట్టక తప్పలేదు. ఆ సీరియళ్లు చూసినవాళ్లు ఇప్పుడు నా ఈడువాళ్లు. వాళ్ల సేకరణలు పిల్లల చేతికొస్తాయి, ఆ పిల్లలకు కౌబాయ్ మీద మోజు ఎంతుందో చూడాలి. నాకైతే అనుమానమే.

చట్టం పని కూడా ఒకటుంది. అమెరికాలో 1968 నాటి చట్టం 1898లోనూ అంతకుముందూ తయారైనవాటిని తుపాకులుగా కాక పురాతన వస్తువులుగా లెక్కగడుతుంది, కాబట్టి కొనడం సులువు. దాంతో ఒకే రకం రివాల్వర్లు రెండు, ఒకటి 1898ది, ఒకటి 1899ది అయితే మొదటిదానికి గిరాకీ ఎక్కువ. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, మీ న్యూజెర్సీ ఈ విషయంలో గట్టిదే. ఫ్రాన్సులో 2024లో నెపోలియన్ పిస్తోళ్ల జత 17 లక్షల యూరోల దాకా పలికింది. 1814లో గద్దె దిగాక వాటితో ప్రాణం తీసుకోబోతే అనుచరుడు ముందే తుపాకి మందు తీసేశాడని చెబుతారు. వేలానికి ముందే ప్రభుత్వం అవి జాతి సంపద అని ప్రకటించి దేశం దాటకుండా ఆపింది. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను ఎవరికి వాళ్లు విదేశాలకు అమ్మేయడానికి లేదు. పేల్చడానికి ఏ రకంగానూ పనికిరాని పాత ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, పేలేదైతే తాతగారిదైనా ముత్తాతగారిదైనా లైసెన్సు ఉండాల్సిందే. లండన్‌లో పలికే ధర హైదరాబాద్‌లో పలకదంటే కారణం ఇదే, కొనడానికి రాగలిగేవాళ్లు తక్కువ.

వేసవికి వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తాను. ఆయుధాల గదిలో ఒక్కో చీటీ చదివి, ఎవరిదో రాసి ఉందా, ఎలా వచ్చిందో రాసి ఉందా చూసుకుని, వేలానికి వస్తే ఏది ఎక్కువ పలుకుతుందో మీరిద్దరూ పందెం వేసుకోండి. బుజ్జి రాళ్లు పొదిగినదాన్నే చూపిస్తుందని నా అంచనా.

మీ తాతయ్య