పది గంటల క్లాసు నుంచి సున్నాకు: టెక్సాస్ తుపాకీ చట్టం వెనక కథ

టెక్సాస్ అనగానే నడుముకు తుపాకీ కట్టిన కౌబాయ్ గుర్తొస్తాడు. నిజానికి ఆ రాష్ట్రంలో దాదాపు 125 ఏళ్లు మామూలు మనిషి పిస్తోలు పెట్టుకుని బయట తిరగడం నేరం. అంతర్యుద్ధం తర్వాత 1871లో వచ్చిన చట్టం ఒంటిమీదే కాదు, గుర్రపు జీను సంచిలో పెట్టుకున్నా ఊరుకునేది కాదు. ప్రయాణికులకు, ఇంకొందరికి మాత్రం మినహాయింపు.

ఈ పరిస్థితి మారడానికి పెద్ద కారణం 1991 అక్టోబర్ 16. కిల్లీన్‌లోని లూబీస్ కెఫెటీరియాలోకి ట్రక్కుతో దూసుకొచ్చిన ఒకడు 23 మందిని కాల్చి చంపాడు. అమ్మానాన్నలతో భోజనానికి వచ్చిన సుజానా హప్ దగ్గర తుపాకీ ఉండేది. చట్టానికి భయపడి దాన్ని కారులోనే వదిలేసింది. ఆమె బతికింది, తల్లిదండ్రులిద్దరూ పోయారు. ఆ తర్వాత ఆమె చట్టసభల ముందు ఇదే చెప్పుకొచ్చింది, 1996లో తనే శాసనసభకు ఎన్నికైంది. ఆ బాధకు ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాదు.

తుపాకీ వెంట పెట్టుకోనివ్వాలా అన్న విషయంపై వచ్చిన బిల్లును 1993లో గవర్నర్ యాన్ రిచర్డ్స్ వీటో చేశారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆమెను ఓడించిన జార్జ్ డబ్ల్యూ. బుష్, లైసెన్సు ఉంటే పిస్తోలు దాచి వెంట పెట్టుకోవచ్చనే చట్టంపై 1995లో సంతకం పెట్టారు. అయితే షరతులు గట్టివి: వేలిముద్రలు, నేరచరిత్ర తనిఖీ, గురి పరీక్ష, 10 నుంచి 15 గంటల క్లాసు. ఎప్పుడు కాల్చొచ్చో, గొడవను చేతులదాకా రాకుండా ఎలా ఆపాలో, పిల్లలకు అందకుండా తుపాకీ ఎక్కడ దాచాలో అందులో చెప్పేవారు. నా దృష్టిలో ఆ చట్టంలో విలువైన భాగం అదే. 2013లో ఆ క్లాసు 4 నుంచి 6 గంటలకు తగ్గింది. 2021 జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకంతో, సెప్టెంబర్ 1 నుంచి పిస్తోలు వెంట పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, క్లాసు కూడా తప్పనిసరి కాకుండా పోయింది. ఎదురుపడేది ఎవరో తెలియక మా వాళ్లకే ప్రమాదమని పోలీసు అధికారులు మొత్తుకున్నా ఆగలేదు.

రాజ్యాంగమిచ్చిన హక్కుకు ఫీజేమిటి, పర్మిషన్ ఏమిటి అన్నది సమర్థకుల వాదన. వెర్మాంట్‌లో 1903లోనే అక్కడి సుప్రీంకోర్టు, రట్లాండ్ పట్టణం పెట్టిన పర్మిషన్ నిబంధనను కొట్టేసింది. అలాస్కా 2003లో, అరిజోనా 2010లో ఇదే దారి పట్టాయి. 2024లో లూసియానా, సౌత్ కరోలినా చేరాక ఇలా పర్మిషన్ అడగని రాష్ట్రాలు 29 అయ్యాయి.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు 2023 మే నెలలో అలెన్ మాల్ కాల్పులు మర్చిపోలేని దెబ్బ. చనిపోయిన ఎనిమిది మందిలో మన అమ్మాయి కూడా ఉంది. అక్కడ వాడింది రైఫిల్, దానికి అంతకుముందూ లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఆ ఘోరాన్ని ఈ చట్టానికి ముడిపెట్టడం సరికాదు.

ఇంకో విషయం మనవాళ్లు కచ్చితంగా తెలుసుకోవాలి. రాష్ట్రం లైసెన్సు అడగకపోయినా ఫెడరల్ చట్టం అలాగే ఉంది. హెచ్‌1బీ, స్టూడెంట్ వీసాలపై ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, అసలు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. ఫ్రెండ్ తుపాకీ చేతికిచ్చినా కేసే.