కుంకుమలో రెండు ఎరుపులు

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. దాని మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. పదో తరగతి పుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది: పసుపు క్షారంలో ఎరుపు, ఆమ్లంలో పసుపు. మరి పసుపుకొమ్ములతో చేసే పాతకాలపు కుంకుమ సంగతేమిటి? పద్ధతులు ఊరికొకటి ఉన్నా, అందులో నిమ్మరసం బాగానే పోస్తారు. పుస్తకం ప్రకారం అది పసుపు రంగులో ఉండాలి. ఎర్రగా ఎందుకుంది?

కారణం నిమ్మరసంతో పాటు వేసే వెలిగారం. వెలిగారమంటే బోరాక్స్. అందులోని బోరాన్ అనే మూలకానికీ పసుపుకీ మధ్య జరిగేది సున్నం చేసే పనికి పూర్తిగా వేరు. చూడ్డానికి రెండూ ఎరుపే, పుట్టుక మాత్రం వేరు.

పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌ను 1815లో వేరు చేశారు, దాని నిర్మాణం 1910లో తేలింది. ఆ అణువు అచ్చం కావడిలా ఉంటుంది. రెండు కొసలకు రెండు కుండలు, అంటే రెండు వలయాలు. ఒక్కో కుండలో వదులుగా ఒక హైడ్రోజన్. బద్ద మధ్యలో, భుజం ఆనే చోట, రెండు ఆక్సిజన్లు పక్కపక్కనే కూర్చుని మరో హైడ్రోజన్‌ను పంచుకుంటాయి. బద్ద పొడవునా ఎలక్ట్రాన్లు ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంటాయి. ఆ ఊపుకు సరిపోయే కాంతి 425 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఊదా, నీలం. అది పీల్చుకుపోగా మిగిలినది మన కంటికి పసుపు.

సున్నం హైడ్రోజన్లను లాగేస్తుంది. కుండలు ఖాళీ అయిన కావడి మరింత తేలిగ్గా ఊగుతుంది. తేలికైన ఊపుకు తక్కువ శక్తి గల కాంతి చాలు కాబట్టి పీల్పు ఆకుపచ్చ వైపు జరుగుతుంది, మనకు ఎరుపు కనిపిస్తుంది. నిమ్మరసం హైడ్రోజన్లను తిరిగిస్తే కుండలు నిండుతాయి, పసుపు రంగు తిరిగొస్తుంది.

బోరాన్ కుండల జోలికి పోదు, భుజం ఆనే చోటును పట్టుకుంటుంది. ఆమ్లం సమక్షంలో, మధ్యనున్న హైడ్రోజన్‌ను తోసేసి రెండు ఆక్సిజన్లకూ తగులుకుంటుంది. బోరాన్‌కు నాలుగు చేతులు చాపే వీలుంది కాబట్టి రెండో కావడినీ అలాగే పట్టుకోగలదు. ఒకే భుజం మీద అడ్డంగా రెండు కావళ్లు! ఈ జంట 540 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని గట్టిగా పీల్చి చిక్కటి ఎరుపునిస్తుంది. దీన్ని రోసోసయనిన్ అంటారు. ఆమ్లంలోనే పుట్టింది గనుక నిమ్మరసానికి చెక్కుచెదరదు. కుండల్లో హైడ్రోజన్లు ఇంకా అలాగే ఉన్నాయి చూడండి. ఇప్పుడు దాని మీద సున్నపు తేట వేస్తే అవి కూడా పోయి, రంగు ఆకుపచ్చ కలిసిన నలుపుకో, నీలినలుపుకో తిరుగుతుంది.

ఇంట్లో చేసి చూడండి. ఒక చెంచా పసుపును 30 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో పావుగంట నానబెట్టి వడకట్టండి. నీళ్లలో కర్క్యుమిన్ కరగదు, స్పిరిటే కావాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఫిల్టర్ కాగితం ముక్కలను అందులో ముంచి నీడన ఆరబెట్టండి, ఎండ ఆ రంగును తినేస్తుంది. ప్రింటరు కాగితం వద్దు: చాలావాటిలో సుద్ద కలుపుతారు, అది క్షారం కనుక రంగు ముందే పాడవుతుంది.

ఒక ముక్క మీద సున్నపు తేట చుక్క వేయండి, వెంటనే ఎరుపు. వంటసోడా వాడితే నారింజ దగ్గరే ఆగుతుంది, దాని పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 8.3 దాకానే. కర్క్యుమిన్ రంగు మారేదే సుమారు 7.4, 8.6 మధ్య.

రెండో ముక్కకు పావు చెంచా బోరిక్ పౌడరు (వెలిగారంలా ఇందులోనూ బోరాన్ ఉంటుంది), నాలుగు చెంచాల వేడినీళ్లు, రెండు చెంచాల నిమ్మరసం కలిపి ఒక చుక్క వేయండి. ఏమీ జరగదు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు! బోరాన్ ఆక్సిజన్లను పట్టుకున్నప్పుడల్లా నీటి అణువులు బయటికొస్తాయి, చుట్టూ నీరుంటే ఆ పట్టు వెనక్కి జారిపోతుంది. అందుకే ఆరబెట్టాలి. అన్నం గిన్నె మూత మీద, 55 డిగ్రీల వేడిలో ఆరుతుంటే అంచుల నుంచి ఇటుకరంగు మొదలవుతుంది. ప్రయోగశాలల్లో నీటిలోని బోరాన్‌ను ఈ ఎరుపుతోనే కొలుస్తారు, అక్కడ కూడా 55 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరబెడతారు.

పక్కన బోరిక్ పౌడరు లేకుండా, నిమ్మరసం మాత్రమే వేసిన ముక్క తప్పక ఉండాలి. పసుపులో మెటానిల్ ఎల్లో అనే కల్తీ రంగు ఉంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి బోరాన్ లేకుండానే గులాబీ అవుతుంది. నిమ్మరసానికి అంత బలం లేకపోయినా, పోల్చడానికి ఒక ముక్క లేని ప్రయోగం ప్రయోగం కాదు. బోరిక్ పౌడరు నోట్లోకి, సున్నపు తేట కళ్లలోకి పోకుండా చూసుకోండి.

దిష్టి నీళ్లు ఎర్రబడటంలో దిష్టి పనేమీ లేదు. ఆ ఎరుపు గంటల్లో వెలవెలబోవడం కూడా రసాయనమే. క్షారంలో కర్క్యుమిన్ నిలవదు. పీహెచ్ 7.2, 37 డిగ్రీల దగ్గరే అరగంటలో 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. నిమ్మకాయ కోస్తే రక్తం కారే మాయలో మాత్రం పసుపు పనికిరాదు, అక్కడ కావలసింది ఆమ్లంలో ఎర్రబడేది. కత్తికి మందార రసం పూసి ఆరనిస్తారు.

ఇక మీ ఇంటి కుంకుమ ఏ రకమో తేల్చుకోవచ్చు. రెండు తెల్లటి పింగాణీ సాసర్లలో చిటికెడు చొప్పున వేయండి. ఒకదాంట్లో నిమ్మరసం, రెండోదాంట్లో సున్నపు తేట పోయండి. నిమ్మరసానికి పసుపు రంగుకు తిరిగితే పసుపూ సున్నమూ కలిపినది. నిమ్మరసానికి మారకుండా సున్నపు తేటకు నల్లబడితే వెలిగారం కుంకుమ. రెండింటికీ ఎర్రగానే ఉండిపోతే అందులో పసుపు కాదు, కృత్రిమ రంగు ఉన్నట్టు అనుమానించాలి.