అపోహలు – వాస్తవాలు: జన్యువుల డాక్యుమెంటరీలో ఏ షాట్ చూసి ఎక్కడ పొరబడుతున్నారు?

ప్రాణహిత అవతలి సిరోంచ, అసరెల్లి నుంచి రాజురా, కిన్వట్ దాకా తెలుగు ఇళ్లలో పిల్లలు జీవశాస్త్రం మరాఠీలో చదువుతారు. డాక్యుమెంటరీలు హిందీ డబ్బింగులో చూస్తారు. ఇంటికొచ్చి అనుమానాలు తెలుగులో అడుగుతారు. ఆ అనుమానాల్లో చాలావాటికి మూలం ఏదో ఒక షాట్. జన్యువుల మీద వచ్చే సినిమాలు చాలావరకు అబద్ధాలు చెప్పవు. కాకపోతే ఏళ్ల తరబడి సాగిన పనిని గంటలో చూపించాలి కాబట్టి కొంత బొమ్మ గీస్తారు, కొంత కోసేస్తారు. పొరపాటు అక్కడే పుడుతుంది. సినిమా వేసే టీచర్లకూ, పిల్లలతో కూర్చుని చూసే పెద్దలకూ పనికొస్తుందని రాస్తున్నాం.

అపోహ: తెర మీద తిరిగే రంగురంగుల మెలికల నిచ్చెన మైక్రోస్కోపులో తీసిన డీఎన్‌ఏ

అది బొమ్మే. డీఎన్‌ఏ పోగు వెడల్పు 2 నానోమీటర్లు. స్కూలు ల్యాబులో ఉండే మామూలు మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. నీలం, ఎరుపు, పసుపు రంగులన్నీ గ్రాఫిక్స్ వాళ్ల ఇష్టం. 1952లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబులో తీసిన ప్రసిద్ధ ఎక్స్-రే ఫొటోలో కూడా నిచ్చెన కనపడదు, అడ్డంగా కోసుకున్న నల్లటి గీతల గుర్తే కనపడుతుంది. ఆకారాన్ని దాని నుంచి లెక్కగట్టి తేల్చారు.

కంటికి కనపడేలా డీఎన్‌ఏని బయటికి తీయడం మాత్రం తేలికే, సినిమాకి ముందు చేసి చూపిస్తే మంచిది. బాగా మగ్గిన అరటిపండు సగం తీసుకుని ప్లాస్టిక్ కవర్లో మెత్తగా నలపండి. వేరే గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఆ గుజ్జులో పోయండి. పది నిమిషాలు మెల్లగా కలిపి పలుచటి గుడ్డలో వడకట్టండి. వచ్చిన రసాన్ని సన్నటి గాజు గ్లాసులో పోసి, రాత్రంతా ఫ్రీజర్లో పెట్టిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని గ్లాసు అంచు వెంబడి అంతే కొలత నెమ్మదిగా దించండి. రెండు పొరలు కలిసే చోట అయిదు నిమిషాల్లో తెల్లటి దూదిపోగులు పైకి లేస్తాయి. అగరుబత్తి పుల్లకు చుట్టి తీయొచ్చు.

ఇది చెడేది ఎక్కువగా మూడు చోట్ల. గట్టిగా గిలకొడితే నురగ వచ్చి పొర ఏర్పడదు. ఆల్కహాల్ చల్లగా లేకపోయినా, నీళ్లు కలిసిన 70 శాతం రకమైనా పోగులు సరిగా రావు, 90 శాతం పైన ఉన్నది కావాలి. ఉప్పు మరిచిపోతే డీఎన్‌ఏ ముద్ద కట్టదు. శానిటైజర్ జెల్ పనికిరాదు. పొయ్యి దగ్గర అసలు చేయొద్దు, అంటుకుంటుంది. ఇంకోమాట: పైకొచ్చేది ఒక్క పోగు కాదు, కోట్ల పోగులు కొంత ప్రొటీన్‌తో కలిసి కట్టిన ముద్ద. పిల్లలకు ఈ మాట చెప్పకపోతే పాత అపోహ పోయి కొత్తది వస్తుంది.

అపోహ: గుండ్రటి కణంలోకి సూది గుచ్చే దృశ్యమంటే జన్యువు మారుస్తున్నట్టే

జన్యుమార్పిడి మాట వచ్చిందంటే చాలు, ఎడిటర్లు వాడే షాట్ ఇది. ఎడమవైపు మొద్దు గాజుగొట్టం అండాన్ని పీల్చి పట్టుకుని ఉంటుంది, కుడివైపు నుంచి సన్నసూది దిగుతుంది. చాలాసార్లు అది పిల్లలు లేనివాళ్లకు చేసే చికిత్స, ఒక్క వీర్యకణాన్ని అండంలోకి పంపడం. అందులో ఏ జన్యువునూ మార్చరు. సూది కొనలో తోకతో ఉన్న కణం కనపడితే అదేనని గుర్తు. ఆ షాట్ దగ్గర సినిమా ఆపి ఈ ఒక్క సంగతి చెప్పండి, సంతాన సాఫల్య కేంద్రాల మీద ఊళ్లో తిరిగే పుకార్లు సగం పోతాయి.

అపోహ: క్లోనింగ్ అంటే జిరాక్స్. డాలీ గొర్రె తొందరగా ముసలిదై చచ్చిపోయింది

డాలీ 1996 జులై 5న స్కాట్లండ్‌లోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. దానికోసం 277 అండాల్లో వేరే గొర్రె పొదుగు కణాల కేంద్రకం కలిపితే 29 పిండాలు తయారయ్యాయి, 13 గొర్రెల్లో పెట్టారు, ఒక్కటే బతికి పుట్టింది. సినిమాలో ఆ ఒక్కదాన్నే చూపిస్తారు. 2003లో ఊపిరితిత్తుల జబ్బు ముదిరి దానికి ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ జబ్బు గొర్రెలకు వైరస్ వల్ల వచ్చేది, క్లోనింగ్ వల్ల కాదు. అదే కణాల నుంచి పుట్టిన మరికొన్ని గొర్రెలు ముసలితనం దాకా మామూలుగానే బతికాయి. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ (ఎన్‌డీఆర్‌ఐ) 2009లో గేదెను క్లోన్ చేసింది.

అపోహ: గింజల్లేని పుచ్చకాయ, ద్రాక్ష జన్యుమార్పిడివి

కావు. మామూలు పుచ్చకు 22 క్రోమోజోములు. కాల్చిసిన్ మందుతో వాటిని 44 చేసి, మళ్లీ మామూలు రకంతో సంకరం చేస్తే 33 ఉన్న మొక్క వస్తుంది. అది సరిగా గింజ కట్టలేదు. గింజల్లేని ద్రాక్ష ఎప్పుడో సహజంగా వచ్చిన మార్పు, కొమ్మలు నాటి పెంచుతున్నారు. ఇప్పటిదాకా మన దేశంలో రైతు వాణిజ్యంగా వేసుకోవడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో ఆపేశారు.

అపోహ: క్రిస్పర్ కత్తెర కట్ చేసి కావలసిన అక్షరం అతికిస్తుంది

జన్యువుల్ని ఎడిట్ చేసే పద్ధతి పేరు క్రిస్పర్. యానిమేషన్‌లో అలాగే ఉంటుంది: కత్తెర వస్తుంది, కోస్తుంది, కొత్త ముక్క టక్కున కూర్చుంటుంది. నిజంగా క్రిస్పర్ చేసేది కోయడమే. 20 అక్షరాల దారిచూపే ఆర్‌ఎన్‌ఏ చోటు వెతుకుతుంది, క్యాస్9 ప్రొటీన్ అక్కడ రెండు పోగుల్నీ తెంపుతుంది. తర్వాత అతికించుకునేది కణమే. తొందరలో ఒకటి రెండు అక్షరాలు పోతాయి, లేదా అదనంగా చేరతాయి, జన్యువు పనిచేయడం మానేస్తుంది. మనం కోరుకున్న అక్షరమే రాయించడం ఇంకా కష్టమైన పని. దగ్గరి పోలిక ఉన్న వేరే చోట తెగే ప్రమాదం కూడా ఉంది.

హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని ఇలా ఎడిట్ చేసి తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100ని 2025 మేలో ప్రకటించారు. "అందులో వేరే జీవి జన్యువు పెట్టారా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మధ్యదశలో పెట్టాలి, ఎందుకంటే క్యాస్9ని తయారుచేసే జన్యువు మొక్కలోకి వెళ్తేనే కోత పడుతుంది. తర్వాతి తరాల్లో అది లేని మొక్కల్ని ఏరుకుంటారు. చివరికి మిగిలేది వరి సొంత జన్యువులో చిన్న మార్పు. ఈ ఏరివేత దశ సినిమాల్లో ఎప్పుడూ కనపడదు, టెస్ట్ ట్యూబుల వెనక పొలం చూపించి వదిలేస్తారు.

అపోహ: బీటీ ఆకు కొరికిన పురుగల్లా చస్తుంది, గింజ దాచుకుని వేసినా అంతే

యవత్మాల్, చంద్రపూర్, ఆదిలాబాద్ పత్తి రైతుకి అన్నిటికంటే నష్టం చేసిన అపోహ ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాం.

పురుగు ఆకు కొరికి పక్కకి పడిపోయే షాట్ అందరికీ గుర్తుంటుంది. బీటీ అనే మట్టి బ్యాక్టీరియా జన్యువు పెట్టడంతో మొక్క తయారుచేసే ప్రొటీన్ క్షారగుణం ఉన్న పురుగు పేగులో కరిగి, అక్కడి గ్రాహకాలకు అతుక్కుని పేగుకు చిల్లులు పెడుతుంది. ఇది కాయ తొలిచే పురుగుల మీదే పనిచేస్తుంది. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, తామర పురుగుల మీద పనిచేయదు. పైగా పంట ముదిరేకొద్దీ ఆకుల్లో ఆ ప్రొటీన్ తగ్గిపోతుంది. 2017లో యవత్మాల్‌లో మందు కొడుతూ పలువురు రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నది బీటీ పత్తి చేలలోనే. బీటీ వేశాం కదా అని పిచికారీ ఆగలేదని దానర్థం.

2002లో వచ్చిన మొదటి బీటీలో ఒక జన్యువు, 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లో రెండు. గులాబీ పురుగు, అంటే గులాబీ రంగు కాయతొలుచు పురుగు, రెండింటికీ తట్టుకోవడం నేర్చింది. ఇందుకు మన హైబ్రిడ్లు కూడా ఒక కారణం. హైబ్రిడ్ మొక్కకు బీటీ జన్యువులు ఒక్క వైపు నుంచే వచ్చాయనుకుందాం. ఆ మొక్క కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు. పదహారింట తొమ్మిదింటికి రెండు జన్యువులూ, ఆరింటికి ఒకటే, ఒకదానికి ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ మార్చి మార్చి తింటూ బతికి బయటపడిన పురుగు తర్వాతి తరానికి తట్టుకునే శక్తిని ఇచ్చిపోతుంది.

గింజ దాచుకుని వేస్తే ఇదే లెక్క పొలమంతా అవుతుంది. మొలవదని కాదు, మొలుస్తుంది. "టెర్మినేటర్ విత్తనం, మొలకే రాదు" అనేది ఇంకో అపోహ. అలాంటి విత్తనం ఎక్కడా మార్కెట్లోకి రాలేదు, మొక్కల రకాలు, రైతు హక్కుల మీద వచ్చిన మన 2001 చట్టం దాన్ని నిషేధించింది కూడా. మొలిచిన చేను మాత్రం ఎత్తూ పొట్టీ, ముందూ వెనకా అయి, కొన్ని మొక్కలకు పురుగు నుంచి రక్షణే ఉండదు.

ప్యాకెట్‌లో కలిపి ఇచ్చే 5 నుంచి 10 శాతం నాన్-బీటీ గింజలు కల్తీ కాదు. తట్టుకునే శక్తి లేని పురుగులు వాటి మీద బతికి, తట్టుకునే పురుగులతో జతకట్టాలని కావాలనే కలుపుతారు. వాటిని ఏరి పారేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

పూత మొదలైనప్పటి నుంచి హెక్టారుకు అయిదు లింగాకర్షక బుట్టలు పెట్టి చూడండి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కపురుగులు పడితే పనిలోకి దిగాల్సిందే. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న గుడ్డిపూలను తెంచి కాల్చేయండి. వేర్వేరు మొక్కల నుంచి ఇరవై పచ్చికాయలు కోసి చీల్చి చూడండి, రెండింటిలో పురుగుంటే హద్దు దాటినట్టే. కాయ పైన రంధ్రం కోసం వెతికితే లాభం లేదు. పిల్లపురుగు లోపలికి దూరిన చోటు పూడిపోతుంది, ఆ తర్వాత కొట్టిన మందు లోపలికి పోదు. నీళ్లున్నాయి కదా అని డిసెంబర్ దాటాక పంట పొడిగిస్తే పురుగుకి వచ్చే ఏడాది దాకా తిండి పెట్టినట్టే.

సరిహద్దు దాటి వచ్చే లూజు గింజల సంగతి కూడా చెప్పాలి. "గడ్డిమందు కొట్టినా చావని బీటీ" అని అమ్మే చోర్ బీటీకి మన దేశంలో అనుమతి లేదు. బీటీ ఉందో లేదో చూసే పట్టీ టెస్టులో రెండు గీతలు చూపించి అమ్ముతారు. ఆ పట్టీ బీటీ ప్రొటీన్‌ని మాత్రమే చూపిస్తుంది, గడ్డిమందు తట్టుకునే జన్యువుకి వేరే పట్టీ కావాలి. మొలక రాకపోతే బిల్లు లేదు కాబట్టి అడిగే దిక్కుండదు.

అపోహ: నాలుగు గడుల్లో ఒకటి జబ్బు. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ భయం లేదు

గడ్చిరోలి వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు మీద సినిమా వేసినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఇది. తప్పు అమ్మానాన్నల జన్యువులు బిడ్డలో ఎలా కలుస్తాయో చూపే ఆ నాలుగు గడుల బొమ్మది. అది నలుగురు పిల్లల పట్టిక కాదు, ఒక్కో కాన్పుకీ ఉన్న అవకాశం. అమ్మానాన్న ఇద్దరూ వాహకులైతే, అంటే ఒక మామూలు జన్యువు (ఏ), ఒక సికిల్ జన్యువు (ఎస్) ఉన్న ఏఎస్ అయితే, ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతమే, ముందు ఎంతమందికి వచ్చినా సరే. ఒక్కరే ఏఎస్ అయి, రెండోవాళ్లకు రెండూ మామూలు జన్యువులే (ఏఏ) అయితే పిల్లల్లో ఎవరికీ ఎస్ఎస్ జబ్బు రాదు. మేనరికాల్లో ఇద్దరూ ఒకే తాత నుంచి ఆ జన్యువు తెచ్చుకునే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ టెస్టు మరీ అవసరం.

క్యాంపుల్లో చేసేది సాల్యుబిలిటీ టెస్టు. 2 మిల్లీలీటర్ల ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం వేసి, అయిదు నిమిషాలాగి, ట్యూబు వెనక గీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనపడితే నెగెటివ్. మబ్బుపట్టి కనపడకపోతే పాజిటివ్. పాజిటివ్ అంటే జబ్బే అనుకోవద్దు. వాహకులకీ, జబ్బున్నవాళ్లకీ ఇదే ఫలితం వస్తుంది. తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష. ఆరు నెలల్లోపు పిల్లలకూ, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకూ సాల్యుబిలిటీలో తప్పుడు నెగెటివ్ రావచ్చు. ద్రావణం పాతబడినా అంతే.

ఇక జన్యుచికిత్స షాట్. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ అనే చికిత్సలో రోగి మూలకణాలు బయటికి తీసి, క్రిస్పర్‌తో బీసీఎల్11ఏ అనే జన్యువు పనిని రక్తకణాల్లో తగ్గించి, పుట్టకముందు ఉండే హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేస్తారు. సికిల్ అక్షరాన్ని సరిచేయరు. కణాలు తిరిగి ఎక్కించే ముందు బలమైన కీమో ఇచ్చి పాత ఎముక మజ్జను ఖాళీ చేయాలి, మొత్తం నెలల పని. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మార్పు మజ్జలోనే ఉంటుంది, వీర్యంలోనో అండంలోనో కాదు. కాబట్టి చికిత్స తీసుకున్న మనిషి పిల్లలకు ఎస్ జన్యువు అలాగే వెళ్తుంది, పెళ్లికి ముందు అవతలివాళ్ల హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు అప్పుడు కూడా చూడాల్సిందే. ఇప్పటికి మన దగ్గర అందుబాటులో ఉన్నది హైడ్రాక్సీయూరియా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తారు. బరువును బట్టి మోతాదు ఉంటుంది, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించాలి, పిల్లల్ని కనాలనుకుంటే ముందే డాక్టరుకి చెప్పాలి. నొప్పి తగ్గిందని మానేస్తే కొన్ని వారాల్లో పాత పరిస్థితి తిరిగొస్తుంది.