క్యారవాన్ టూల్ కిట్: పెద్ద పెట్టె కొనేముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, నా వాట్సాప్‌కి ఒకటే ఫొటో మళ్లీ మళ్లీ వస్తుంది. నల్ల ప్లాస్టిక్ పెట్టె, లోపల వరసగా మెరిసే సాకెట్లు (నట్టు తలకి తొడిగి తిప్పే గిన్నెలు), కింద "అన్నా, ఇది సరిపోతుందా, ఇంకా పెద్దది తీసుకోవాలా?" అని ప్రశ్న. మాది హైదరాబాద్‌లో కాటేదాన్ వైపు షెడ్డు, ట్రావెలర్ బళ్లనీ పాత వ్యాన్లనీ లోపలే వండుకుని పడుకునే క్యారవాన్లుగా మార్చే పని. ఆ ఫొటోకి నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ బండి వీల్ నట్టు సైజెంత? అక్కడి నుంచి చాలాసేపు జవాబు రాదు. ప్రతి ఒక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఎన్ని ఎక్కువ ముక్కలుంటే అంత ధైర్యం

జనం డబ్బూ ప్రయాణమూ రెండూ పాడయ్యేది దీనివల్లే, కాబట్టి ఎక్కువసేపు దీని మీదే మాట్లాడతాను.

వంద పైచిలుకు ముక్కలని అట్ట మీద రాసిన సెట్ తెరిచి చూడండి. అందులో పెద్ద భాగం స్క్రూడ్రైవర్ బిట్లు, అలెన్ ముక్కలు. మిగిలిన సాకెట్లలో కూడా కొన్ని సెట్లలో సగం దాకా అంగుళాల సైజులు. మన దగ్గర తిరిగే బళ్లకి దాదాపు అన్నీ మిల్లీమీటర్ల నట్లే. అర అంగుళం సాకెట్ అంటే 12.7 మిల్లీమీటర్లు, 12 నట్టుకి వదులు, 13 నట్టుకి ఎక్కదు. కంగారులో, చీకట్లో, ఆ వదులు సాకెట్‌నే 12 నట్టుకి పెట్టి బలంగా తిప్పారంటే నట్టు మూలలు అరిగి గుండుగా అయిపోతుంది, ఆ తర్వాత సరైన పానా తెచ్చినా పట్టదు. ఇంకోటి, లోపల పన్నెండు మూలలున్న సాకెట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ తుప్పు పట్టిన నట్టు మీద జారతాయి. ఆరు మూలలదే కొనండి.

ఇక ఆ సెట్లో ఉండే చిన్న రాట్చెట్ (సాకెట్ తగిలించి తిప్పే పిడి) పావు అంగుళం డ్రైవ్‌ది, అంటే సాకెట్ ఎక్కే దాని చదరపు మొన పావు అంగుళమే. దాంతో వీల్ నట్టు జోలికి వెళ్తే విరిగేది రాట్చెట్టే. పంక్చర్ షాపులో కుర్రాడు ఎయిర్ గన్‌తో టర్రుమని బిగించిన నట్టు అది, ఆ సెట్‌కి లొంగదు. కావలసింది మీ నట్టుకి సరిగ్గా కూర్చునే ఒక్క సాకెట్, అర అంగుళం డ్రైవ్‌ది, దాన్ని తిప్పడానికి రెండడుగుల బ్రేకర్ బార్ అనే పొడుగు కడ్డీ. అంతే. బార్ పొడవు అడుగు నుంచి రెండడుగులకి పెరిగితే అదే చేతి బలంతో నట్టు మీద పడే తిప్పుడు శక్తి రెట్టింపవుతుంది, కాబట్టి బక్కగా ఉన్నవాళ్లు కూడా భయపడక్కర్లేదు. అరవై దాటిన ఒక రిటైర్డ్ టీచరమ్మ మా షెడ్డు ముందు బార్ చివర రెండు చేతులూ వేసి ఒక్క ఊపులో నట్టు వదులు చేసి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ భర్తని ఓ చూపు చూసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వీల్ డిపార్టుమెంటు ఆవిడదే.

సెట్ కంటే ముందు చూసుకోవలసింది ఇంకోటుంది. బండిని క్యారవాన్‌గా మార్చాక అది మీరు కొన్న బండి కాదు. కింద నీళ్ల ట్యాంకు వచ్చింది (రెండు వందల లీటర్లంటే రెండు వందల కిలోలు), బ్యాటరీలు వచ్చాయి, ప్లైవుడ్ వచ్చింది, మంచాలు వచ్చాయి. కంపెనీ వాడిచ్చిన జాకీ, స్టెప్నీ దింపే రాడ్డు ఈ మార్పుల్లో ఎక్కడికి పోయాయో చాలామందికి తెలియదు.

ఒక సంగతి చెప్తాను. బండి మేం చేసింది కాదు, వేరే చోట చేయించుకున్నారు, కానీ నెంబరు ఎవరో ఇచ్చారని నాకు ఫోన్ చేశారు. శ్రీశైలం వెళ్తున్న కుటుంబం, భార్యాభర్తలు, ఆయన తల్లి. మన్ననూరు చెక్‌పోస్టుకి ఇంకా కొంత దూరం ఉండగానే వెనక టైరు పోయింది. సాయంత్రం అయిపోతోంది, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అమ్రాబాద్ అడవి దారిలో బళ్లు వదలరు, ఆ టెన్షన్ ఒకటి. "పానా ఉంది సార్, జాకీ ఉంది, పెద్ద సెట్టు కూడా ఉంది, స్టెప్నీయే కిందికి దిగట్లేదు" అంటున్నాడు. వీడియో కాల్ పెట్టమన్నా. స్టెప్నీ ఛాసిస్ కింద గొలుసుకి వేలాడుతోంది, దాన్ని దింపాలంటే పైనుంచి ఒక రంధ్రంలో రాడ్డు పెట్టి తిప్పాలి. ఆ రంధ్రం ఎక్కడా కనబడదు. చివరికి అర్థమైంది, వంటగది అల్మారా దాని మీదే కూర్చుంది. బియ్యం డబ్బాలు, పప్పులు, స్టీలు సామానంతా రోడ్డు పక్కన దుప్పటి పరిచి దింపారు. ప్లైవుడ్ కోయడానికి ఆ సెట్లో రంపం లేదు. అటుగా వచ్చిన లారీ క్లీనర్ టైరు విప్పే ఇనుప కడ్డీ పెట్టి పలకని పెకిలించాడు. ఆ తల్లి ఆ అబ్బాయికి అక్కడికక్కడే పులిహోర పెట్టించింది, అది వేరే విషయం. అంత ఖరీదు పెట్టి కొన్న సెట్లోంచి ఆ రోజు బయటికి వచ్చిన వస్తువు ఒక్కటి కూడా లేదు.

జాకీ విషయంలో కూడా అందరూ "ఎన్ని టన్నులు?" అనే అడుగుతారు. టన్నుల సమస్య తక్కువ. ఐదు టన్నుల బాటిల్ జాకీ (సీసాలా నిలబడి నూనె ఒత్తిడితో లేచేది) మామూలు క్యారవాన్‌కి ధారాళంగా సరిపోతుంది, ఎందుకంటే మీరు ఎత్తేది బండి మొత్తాన్ని కాదు, ఒక మూలని. అసలు చూడాల్సింది మూసి ఉన్నప్పుడు దాని ఎత్తు. టైరులో గాలి ఉన్నప్పుడు యాక్సిల్ కింద చక్కగా దూరే జాకీ, టైరు చదునై బండి కుంగాక దూరదు. దూరినా, పూర్తిగా లేచాక గాలి నిండిన స్టెప్నీ ఎక్కేంత ఎత్తు రాకపోవచ్చు. ఈ రెండు కొలతలూ ఏ అట్టపెట్టె మీదా మీ బండికి సరిపోయేలా రాసి ఉండవు.

అందుకే మా షెడ్డు నుంచి బండి తీసుకెళ్లే ప్రతివాళ్లకీ చెప్తాను. ఒక ఆదివారం మీ ఇంటి ముందు, చదునైన చోట, హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకి చెక్క దిమ్మెలు పెట్టి, వెనక టైరు గాలి తీసేసి, మీ సొంత సామానుతోనే దాన్ని మార్చండి. నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి, ఎత్తాక కాదు. జాకీ కింద అడుగు చదరం మందపాటి చెక్క పెట్టండి, లేకపోతే మట్టి నేలలో దిగబడుతుంది. ఒక్క జాకీ మీద నిలబడిన బండి కిందికి తల పెట్టడం మాత్రం, ఎంత తొందరగా ఉన్నా, వద్దు. మళ్లీ బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు, ఆ తర్వాత ఓ యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిపి మరోసారి బిగింపు చూసుకోవాలి. ఈ పనిలో ఏది తక్కువైందో అది రాసుకుని, సికింద్రాబాద్‌లో టూల్స్ దొరికే రాణిగంజ్ వెళ్లండి. లిస్టు అదే మీది. నా లిస్టు అడగకండి.

రాణిగంజ్‌లో విడిగా కొంటే 8 నుంచి 19 దాకా మీకు పనికొచ్చే పానాలే తీసుకోవచ్చు, చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. విదేశీ బ్రాండే మంచిదన్నదీ అపోహే. మన దేశపు తాపరియా కంపెనీ కటింగ్ ప్లయర్, పానాలు ఈ దేశంలో మెకానిక్కులు రోజూ వాడి అరగదీసేవే, మీరు ఏడాదికి నాలుగుసార్లు వాడితే వాటికేమీ కాదు.

అపోహ: పై అరల్లో ఖాళీ ఉంది కదా, టూల్స్ అక్కడ పెట్టేద్దాం

వద్దు. అరవై స్పీడులో బ్రేక్ కొడితే బండి ఆగుతుంది, సుత్తి ఆగదు. అర తలుపు అయస్కాంతం క్యాచ్ దాన్ని ఆపుతుందనుకుంటున్నారా? బరువైనవి నేల మట్టానికి, రెండు యాక్సిళ్ల మధ్య, కదలకుండా బెల్టు కట్టి ఉండాలి. వెనక చివర డిక్కీలో అన్నీ కుక్కితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, ఘాట్ రోడ్డులో అది మంచిది కాదు.

అచ్చులున్న ప్లాస్టిక్ పెట్టె బండిలో పనికిరాదు. గతుకుల్లో సాకెట్లు ఊడి లోపలే గలగలమంటూ ఉంటాయి, తెరిస్తే కాళ్ల మీద పడతాయి. కాన్వాస్ గుడ్డ రోల్‌లో జేబు జేబుకి ఒక పానా పెట్టి చుట్టేస్తే చప్పుడుండదు, ఏది పోయిందో ఖాళీ జేబు చెప్పేస్తుంది.

జాకీ, బ్రేకర్ బార్, దిమ్మెలు, ఎర్ర త్రికోణం, గ్లోవ్స్, తలకి పెట్టుకునే లైటు మాత్రం వేరే సంచిలో, బయటి నుంచి తీసుకునే అరలో ఉండాలి. అర ఎడమ వైపు పెట్టించుకోండి. మనం రోడ్డుకి ఎడమ పక్క ఆపుతాం, కుడి వైపు అర అయితే లారీలు దూసుకెళ్లే వైపు నిలబడి వెతుక్కోవాలి. మంచం కింద, బట్టల సూట్‌కేసుల వెనక ఉన్న జాకీ వానలో పంక్చరైన రాత్రి మీకు లేనట్టే.

అపోహ: ఫ్యూజ్ పోతే ప్రస్తుతానికి వైరు ముక్క పెట్టేయొచ్చు

ఫ్యూజ్ ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడటానికి. పది ఆంపియర్లు పోయిందని ముప్ఫై పెట్టినా, సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టినా, ఈసారి కాలేది ప్లైవుడ్ వెనక కనబడని వైరు. మీరు నిద్రపోయేది ఆ ప్లైవుడ్ పక్కనే. బ్లేడ్ ఫ్యూజులు రంగుని బట్టి గుర్తుపట్టొచ్చు: ఎరుపు పది, నీలం పదిహేను, పసుపు ఇరవై, ఆకుపచ్చ ముప్ఫై. ఒక్కో రకం నాలుగేసి, ఒక మామూలు మల్టీమీటర్, చాలు. పాత లెడ్ బ్యాటరీ అయితే వోల్టేజీ చూసి సుమారుగా ఎంత మిగిలిందో చెప్పొచ్చు, లిథియం ఫాస్ఫేట్‌ది చాలాసేపు ఒకే దగ్గర నిలబడుతుంది కాబట్టి మీటర్ చూసి మోసపోకండి. బ్యాటరీ టెర్మినల్ విప్పే పానాకి పిడి మొత్తం టేపు చుట్టి ఉంచండి, ఉంగరం తీసేయండి. పన్నెండు వోల్టులు షాక్ కొట్టదు గానీ పానా రెండు టెర్మినళ్లకీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి, ఇనుము ఎర్రగా కాలుతుంది.

మిగతావి గబగబా

పంక్చర్ కిట్ ఉంది కదా అంటారు. ట్యూబ్‌లెస్ కిట్ ట్యూబున్న టైరుకి పనికిరాదు, ముందు మీదేదో చూసుకోండి. ట్యూబ్‌లెస్ అయినా పక్క గోడకి పడ్డ చీలికకి అది పనిచేయదు. గాలి పంపు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడతారు, ఆ సాకెట్ ఫ్యూజ్ పదిహేను ఆంపియర్లయితే అది ఇచ్చేది 180 వాట్లే. వ్యాను టైర్లకి కావలసిన పంపులు చాలావాటికి అది చాలదు, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం తీసుకోండి, మధ్యమధ్యలో దానికి రెస్ట్ ఇవ్వండి.

"నాకు ఈ రిపేర్లేవీ రావన్నా, అసలు బయల్దేరొద్దా?" అని అడిగేవాళ్లు ఉంటారు. బయల్దేరండి. జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేయొచ్చు, రాత్రీ పగలూ పలుకుతుంది. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ సాయం ఉంటే మాత్రం ముందే ఫోన్ చేసి, మార్పులు చేశాక మీ బండి ఎత్తు, బరువు చెప్పి, లాగే వాహనం వాళ్ల దగ్గర ఉందో లేదో అడగండి. కార్లు మోసేది వచ్చి చూసి వెళ్లిపోతే ఆ రాత్రి అక్కడే. బరువు తెలియకపోతే ఏదైనా వే బ్రిడ్జి మీద, నీళ్లు నింపి, సామానంతా ఎక్కించి ఒకసారి తూయించుకోండి.

ఎండాకాలం టూల్స్ అన్నీ బండిలోనే ఉంచి తాళం వేసేస్తారు. ఇనుముకేమీ కాదు. కానీ మే నెలలో మూసి ఉన్న బండి లోపల యాభై డిగ్రీలు సులువుగా దాటుతుంది, స్ప్రే డబ్బాల మీద యాభై దాటనివ్వొద్దని రాసే ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే, కార్డ్‌లెస్ డ్రిల్లు బ్యాటరీ, పవర్ బ్యాంకు ఇంట్లోకి తెచ్చుకోండి. వానాకాలం స్పాంజిలో పానాలు దోపి పెట్టకండి, అది తడిని పీల్చుకుని వదలదు. నూనె గుడ్డతో తుడిచి రోల్‌లో చుట్టండి. బాటిల్ జాకీని పడుకోబెట్టొద్దు, నిలబెట్టి, వాల్వ్ బిగించి, బెల్టు వేయండి. పడుకోబెట్టి ఉంచితే నూనె కారి, అవసరమైన రోజు పైకి లేవదు.